ఒంటికన్ను పాలిఫీమస్ ఎలాంటివాడు? తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రీకు పురాణాల్లోని ఈ ఒంటికన్ను రాక్షసుడి కథ చదివేవాళ్లు, పిల్లలకు చెప్పేవాళ్లు, నాటకంగా వేసేవాళ్లు తిప్పితిప్పి అవే సందేహాలు అడుగుతుంటారు. "వాడు క్రూరుడు, పైగా మొద్దు" అన్న రెండు ముక్కలతో సరిపెట్టుకోవడం వల్ల పుట్టిన సందేహాలే వాటిలో ఎక్కువ. ప్రతి ప్రశ్నకూ జవాబు దాని కిందే ఉంది. మీకు కావలసిన చోటు నుంచి చదువుకోండి.

## చదవడం మొదలుపెట్టే ముందు

అసలు పాలిఫీమస్ ఎవరు? ఎక్కడ కనిపిస్తాడు?

సముద్రదేవుడు పొసైడన్ కొడుకు. తల్లి పేరు థోసా, ఆమె కూడా సముద్ర సంతతే. వాడి కథ మనకు దొరికేది గ్రీకు కవి హోమర్ కావ్యం ఒడిస్సీలో, మొత్తం 24 భాగాల్లో 9వ దాంట్లో. ట్రాయ్ యుద్ధం ముగించుకుని ఇంటికి బయల్దేరిన ఒడిస్సియస్ దారిలో వాడి గుహలో చిక్కుకుంటాడు. ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ కథను హోమర్ నేరుగా చెప్పడు, ఒడిస్సియసే పరాయి రాజు విందులో కూర్చుని చెప్పుకుంటాడు. అంటే వాడు ఎలాంటివాడో మనకు చెబుతున్నది వాడి కన్ను పొడిచినవాడే.

ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉన్నాడేంటి?

ఎందుకంటే అవి ఒకే కవి రాసినవి కావు. హోమర్ చూపించేది ఒంటరి కాపరి, నరభక్షకుడు. క్రీ.పూ. 5వ శతాబ్దపు యూరిపిడీస్ తన 'సైక్లోప్స్' నాటకంలో వాడిని తిండిపోతుగా, వాదనలు చేసే వాచాలుడిగా మార్చాడు. క్రీ.పూ. 3వ శతాబ్దపు థియోక్రిటస్ చేతిలో మీసకట్టు వస్తున్న ప్రేమికుడయ్యాడు. రోమన్ కవి వర్జిల్ చూపించేది కన్ను పోయి, పైన్ చెట్టు మానును చేతికర్రగా పట్టుకుని సముద్రంలోకి దిగే గుడ్డివాడిని. మరో రోమన్ కవి ఓవిడ్ దగ్గర నవ్వు పుట్టించే ప్రియుడే హంతకుడవుతాడు. "పాలిఫీమస్ స్వభావం" మీద వ్యాసం రాస్తుంటే ఏ కవి పాలిఫీమస్సో మొదటి వాక్యంలోనే చెప్పండి. లేకపోతే గుహలో మనుషుల్ని తిన్నవాడి నోట ప్రేమపాట పాడించిన గందరగోళం వస్తుంది.

సైక్లోప్స్ (ఒంటికన్ను రాక్షసులు) అంటే అందరూ గొర్రెలు కాసేవాళ్లేనా?

కాదు. గ్రీకు కవి హెసియడ్ చెప్పిన సైక్లోప్స్ ముగ్గురు అన్నదమ్ములు: బ్రాంటీస్, స్టెరోపీస్, ఆర్జీస్. ఆకాశానికి, భూమికి పుట్టిన కమ్మరులు, దేవతల రాజు జ్యూస్‌కు పిడుగు చేసి ఇచ్చింది వాళ్లే. టిరిన్స్, మైసీనే కోటల్లోని పెద్ద పెద్ద రాళ్ల గోడలు కట్టిన సైక్లోప్స్ మరో కోవ. ఆ గోడల తీరును ఇప్పటికీ సైక్లోపియన్ అనే అంటారు. పాలిఫీమస్ జాతి కమ్మరులూ కాదు, కోటలు కట్టేవాళ్లూ కాదు. ఈ మూడు కోవలనూ కలిపేసి పాలిఫీమస్ చేతికి సుత్తి ఇవ్వడం చాలా బొమ్మల పుస్తకాల్లో కనిపించే తప్పు.

ఒకే కన్ను ఉందని హోమర్ చెప్పాడా?

ఎక్కడా సూటిగా చెప్పలేదు. కన్ను అన్నప్పుడల్లా ఏకవచనం వాడతాడు, ఆ ఒక్కటి పోగానే వాడు పూర్తిగా గుడ్డివాడవుతాడు. మనం ఊహించుకోవాలి, అంతే. నుదుట గుండ్రని ఒకే కన్ను అని విప్పి చెప్పింది హెసియడ్. సిసిలీలో పియజ్జా ఆర్మెరీనా దగ్గరి రోమన్ భవనంలో నేల మీది మొజాయిక్ బొమ్మలో పాలిఫీమస్‌కు ఏకంగా మూడు కళ్లున్నాయి.

ఏనుగు పుర్రె చూసి ఈ కథ అల్లారంటారు, నిజమా?

అది ఒక ఊహ. మధ్యధరా దీవుల్లో ఒకప్పుడు పొట్టి ఏనుగులు ఉండేవి. వాటి పుర్రె మధ్యలో తొండం కోసం పెద్ద రంధ్రం ఉంటుంది, అసలు కంటి గుంతలు పక్కలకు పోయి అంతగా కనిపించవు. ఆ రంధ్రాన్ని జనం కన్ను అనుకుని ఉంటారని పురాజీవ శాస్త్రవేత్త ఒథేనియో ఆబెల్ 1914లో అన్నాడు. కన్ను సంగతికి అది సరిపోవచ్చు. స్వభావం సంగతికి మాత్రం పుర్రె ఏ సాయమూ చేయదు.

## గుహ ఘట్టం చదువుతున్నప్పుడు

వాడు నిజంగా మొద్దేనా? అంత తేలిగ్గా మోసపోయాడు కదా.

మొద్దు కాదు. గుహలో కొత్తవాళ్లు కనిపించగానే ఎవరు, ఎక్కణ్నుంచి, వ్యాపారమా దోపిడీయా అని అడుగుతాడు. కాసేపటికి మామూలుగా అడిగినట్టే "మీ ఓడ ఎక్కడ కట్టేశారు, దూరమా దగ్గరా?" అంటాడు. మిగతావాళ్లను కూడా పట్టుకోవాలని వేసిన ఎర అది. ఒడిస్సియస్ పసిగట్టి ఓడ పగిలిపోయిందని అబద్ధం చెబుతాడు. చివర్లో కూడా "వెనక్కి రా, కానుకలిస్తాను, మా నాన్న పొసైడన్‌తో చెప్పి నిన్ను క్షేమంగా పంపిస్తాను" అని పిలుస్తాడు, అదీ ఎరే.

వాడికి జిత్తులు లేకపోలేదు. ఎదుటివాడికీ జిత్తులుంటాయన్న ఊహే లేదు. ఎప్పుడూ ఒంటరిగా బతికినవాడికి బేరం చేసే అలవాటు ఎక్కడుంటుంది? పైగా మనిషిని సైజును బట్టి కొలుస్తాడు. ఒడిస్సియస్ చేతిలో చూపు పోతుందని టెలిమస్ అనే జోస్యుడు ముందే చెప్పాడట. "ఎవడో ఆజానుబాహుడు వస్తాడనుకున్నాను, ఈ పొట్టివాడు, పనికిమాలినవాడు తాగించి కన్ను తీశాడు" అని తర్వాత వాపోతాడు.

మనుషుల్ని తినేవాడికి గొర్రెల మీద అంత ప్రేమేంటి?

ఈ పాత్రలో అందరూ దాటేసేదీ, అన్నిటికంటే విలువైనదీ ఇదే. వాడి దినచర్య చూడండి. సాయంత్రం మంద తోలుకొస్తాడు. పాలిచ్చేవాటిని లోపలికి, పొట్టేళ్లను, మేకపోతులను బయటి దొడ్డిలోకి. పిల్లలను మూడు గుంపులుగా విడదీసి కట్టేస్తాడు: ముందు పుట్టినవి, మధ్యలోవి, అప్పుడే పుట్టినవి. కూర్చుని వరసగా పాలు పితికి, ఒక్కో తల్లి కిందకు దాని పిల్లను వదులుతాడు. పాలలో సగం వెంటనే విరిచి, గడ్డకట్టినదాన్ని అల్లిన బుట్టల్లో పెడతాడు. మిగతా సగం రాత్రి తాగడానికి గిన్నెల్లో ఉంచుతాడు. తెల్లారి లేవగానే మళ్లీ ఇదే క్రమం.

ఇదంతా "పద్ధతి ప్రకారం" చేశాడని హోమర్ ప్రత్యేకంగా అంటాడు. ఆ పని అయిన మరుక్షణమే ఇద్దరు మనుషుల్ని పట్టుకుని కుక్కపిల్లల్ని కొట్టినట్టు నేలకేసి కొడతాడు. పనిమంతుడు, హంతకుడు ఒకడే. మందలో ఉన్నదానికి వరుస ఉంది, పేరు పేరునా ప్రేమ ఉంది. మంద బయట ఉన్నది తిండి. వాడి లోకానికి గీత అక్కడ పడింది.

ఆకలేసి తింటాడా, కోపమొచ్చి తింటాడా?

రెండూ కనిపించవు. గుహ నిండా చీజ్ ఉంది, పాలున్నాయి. ఓడ పగిలిపోయిందని ఒడిస్సియస్ చెప్పగానే జవాబు చెప్పకుండా లేచి తింటాడు. మొదటి రాత్రి ఇద్దరు, తెల్లారి ఇద్దరు, రెండో సాయంత్రం ఇద్దరు, మొత్తం ఆరుగురు. కొండసింహంలా పేగులూ ఎముకలూ ఏమీ మిగల్చడు, పైన పాలు తాగుతాడు. యూరిపిడీస్ నాటకంలో మాత్రం కత్తులు నూరించి, కొంత కాల్చి కొంత ఉడికించి, వంటవాడిలా రుచి చూసి తింటాడు. పచ్చిగా తినేవాడికంటే వండుకుని తినేవాడే ఎక్కువ భయపెడతాడని మా అభిప్రాయం.

దేవుళ్లంటే భయం లేదా?

లేదనే చెబుతాడు. అతిథులకు అండ జ్యూస్ అని ఒడిస్సియస్ గుర్తు చేస్తే, "మా సైక్లోప్స్ జ్యూస్‌ను లెక్కచేయం, మేమే బలవంతులం" అంటాడు. ఇందులో ఒక చమత్కారం ఉంది. వాళ్ల నేలలో దున్నకుండా, విత్తకుండా గోధుమ, బార్లీ, ద్రాక్ష పండటానికి కారణం జ్యూస్ కురిపించే వానే. పొసైడన్ విషయంలో లెక్క వేరు. కన్ను పోగానే చేతులెత్తి మొక్కేది తండ్రికే. దైవభక్తి కంటే ఇంటిమనిషి మీద నమ్మకం అనడం సరిగ్గా ఉంటుంది. యూరిపిడీస్ పాలిఫీమస్ ఇంకో అడుగు ముందుకేసి తెలివైనవాళ్లకు సంపదే దేవుడని, తన పొట్టే దేవతలందరిలోకీ పెద్దదని అంటాడు.

చెప్పకుండా ఇంట్లో దూరి చీజ్ తిన్నది ఒడిస్సియస్ మనుషులే కదా? తప్పు వాళ్లది కాదా?

కొంత నిజమే. యజమాని లేని గుహలోకి 12 మందితో వెళ్లి, మంట వేసి, చీజ్ తిని కూర్చున్నారు. దొరికింది పట్టుకుని పోదామని తోటివాళ్లు అంటే, కానుకలొస్తాయని ఆగింది ఒడిస్సియసే. అయితే గ్రీకుల లెక్కలో వచ్చినవాడికి ముందు అన్నం పెట్టాలి, ఆ తర్వాతే పేరడగాలి. పాలిఫీమస్ ముందు పేరడిగి, ఆ తర్వాత వచ్చినవాళ్లనే అన్నం చేసుకున్నాడు. మర్యాద తెలియని మొరటుతనం అనలేం, ఎందుకంటే వాడికి ఆ మర్యాద తెలుసు. మద్యం పోసినందుకు "నీకు అతిథి కానుక ఇస్తాను" అని, ఆ కానుక ఏంటంటే "నిన్ను అందరికంటే ఆఖర్న తింటాను" అంటాడు. తెలియనివాడు దాన్ని వెక్కిరించలేడు.

తాగుడు అలవాటు లేక పడిపోయాడా?

ద్రాక్ష మద్యం కొత్త కాదు, తమ నేలలోనూ పండుతుందని తనే అంటాడు. కొత్త ఏంటంటే దాని ఘాటు. మారన్ అనే అపోలో పూజారి ఇచ్చిన ఆ మద్యాన్ని మామూలుగా ఒక గిన్నెకు 20 కొలతల నీళ్లు కలిపి తాగాలి. పాలిఫీమస్ నీటిచుక్క లేకుండా మూడుసార్లు తాగాడు. గ్రీకుల దృష్టిలో నీళ్లు కలపకుండా తాగడమే అనాగరికం, కాబట్టి ఇది వాడి స్వభావానికి మరో గుర్తు. ఎలెవ్సిస్‌లో దొరికిన 1.42 మీటర్ల కూజా మీద, క్రీ.పూ. 7వ శతాబ్దపు బొమ్మలో, కంట్లో కొయ్య దిగుతుంటే కూడా వాడి చేతిలో మద్యం గిన్నె ఉంటుంది.

నిద్రపోయినప్పుడే చంపేయొచ్చు కదా?

ఒడిస్సియస్ కత్తి మీద చెయ్యి వేసి ఆగిపోతాడు. 22 బళ్లు కట్టినా కదలని బండను వాకిలికి అడ్డం పెట్టింది పాలిఫీమస్, తీయగలిగిందీ వాడే. చస్తే లోపల అందరూ చస్తారు.

అంత గోలపెట్టినా పక్క గుహలవాళ్లు ఎందుకు సాయం చేయలేదు?

వచ్చారు. అర్ధరాత్రి లేచి గుహ చుట్టూ చేరి, "ఎవడైనా మంద తోలుకుపోతున్నాడా, నిన్ను చంపుతున్నాడా?" అని అడిగారు. ఒడిస్సియస్ చెప్పిన దొంగపేరును ('ఎవరూ కాదు' అని దాని అర్థం) వాడు అరవడంతో, ఎవరూ ఏమీ చేయలేదని వాళ్లకు అర్థమైంది. "అయితే జబ్బు చేసుంటుంది, నాన్నకు మొక్కుకో" అని వెళ్లిపోయారు. బండ తీసి లోపలికి తొంగి చూసినవాడు ఒక్కడూ లేడు. వాళ్లకు సభలు లేవు, చట్టాలు లేవు, ఎవడింట్లో వాడిదే రాజ్యం అని హోమర్ ముందే చెప్పాడు. అందులోనూ పాలిఫీమస్ ఎవరితో కలవక విడిగా బతికేవాడు.

కన్ను పోయాక వాడి మీద జాలి పడాలా?

పొట్టేలు ఘట్టం చదివాక మీరే తేల్చుకోండి. ఆరుగురు మనుషుల్ని ఒక్కొక్కరిని మూడేసి పొట్టేళ్ల మధ్య కట్టి, ఒడిస్సియస్ అన్నిటికంటే పెద్దదాని పొట్ట కింద వేలాడతాడు. గుడ్డివాడు వాటి వీపులు తడుముతాడు, కింద తడమడు. పెద్దది ఆఖర్న వస్తే ఆపి దానితో మాట్లాడతాడు: "ఎప్పుడూ ముందు నడిచేదానివి, ఇవాళ ఎందుకు వెనకబడ్డావు? యజమాని కన్ను పోయిందని బాధా? నీకు మాటలొస్తే వాడెక్కడున్నాడో చెప్పేదానివి." ఆ "వాడు" సరిగ్గా ఆ పొట్ట కిందే ఉన్నాడు. మొత్తం కథలో పాలిఫీమస్ ప్రేమగా మాట్లాడింది ఆ ఒక్క ప్రాణితోనే.

శాపం ఎంత పక్కాగా పెట్టాడు?

చాలా పక్కాగా. ఒడిస్సియస్ ఓడ మీద నుంచి గొప్పకు పోయి అసలు పేరు, తండ్రి పేరు, ఊరు పేరు అరిచి చెప్పాడు. పాలిఫీమస్ వాటిని అలాగే పలికి తండ్రికి మొక్కుతాడు: ఇల్లు చేరకూడదు. చేరే రాత ఉంటే ఆలస్యంగా, తోటివాళ్లందరినీ పోగొట్టుకుని, పరాయి ఓడలో చేరాలి, ఇంట్లో కష్టాలు ఎదురవ్వాలి. చివరి ముక్క వరకు జరిగింది. మొద్దు పెట్టే శాపం కాదది.

## ప్రేమ పద్యాల దగ్గరికి వచ్చాక

రాక్షసుడు ప్రేమలో పడటమేంటి? గలాటియా ఎవరు?

సముద్రకన్య. పాలిఫీమస్ తల్లితో కలిసి కొండ మీద పూలు కోయడానికి వచ్చినప్పుడు అతను దారి చూపించాడట, అప్పటి నుంచి మనసు మనసులో లేదు. థియోక్రిటస్ ఈ పద్యాన్ని నిసియస్ అనే వైద్యుడైన స్నేహితుడికి రాశాడు. ప్రేమకు పాట తప్ప మందు లేదని, అందుకు పాలిఫీమస్సే సాక్ష్యమని అతని వాదన.

ఆ పాటలో అతని స్వభావం ఎలా తెలుస్తుంది?

పోలికల్లో. గలాటియా చీజ్ కంటే తెల్లన, గొర్రెపిల్ల కంటే మెత్తన, పచ్చి ద్రాక్ష కంటే నిగనిగ అంటాడు. కాపరికి తెలిసిన లోకం అంతే. తన ఆస్తి ఏకరువు పెడతాడు: వెయ్యి జీవాలు, ఏడాది పొడవునా చీజ్, ఆమె కోసం పెంచుతున్న 11 జింకపిల్లలు, నాలుగు ఎలుగుపిల్లలు. తనకు మొప్పలు ఉంటే నీళ్లలోకి పూలు తెచ్చేవాడినంటాడు. వెంటనే, తెల్లపూలు ఒక కాలంలో, గసగసాల పూలు ఇంకో కాలంలో పూస్తాయి కాబట్టి రెండూ ఒకేసారి తేలేనని నిజాయితీగా సర్దుకుంటాడు. ప్రేమ పాటలో ఈ సవరణ ఎవరైనా చేస్తారా?

తన తరఫున మాట్లాడలేదని తల్లి మీద అలిగి, తలనొప్పి, కాళ్లనొప్పి అని చెప్పి ఆమెను బాధపెడతానంటాడు. ఎవరైనా పరాయివాడు ఓడలో వస్తే ఈత నేర్చుకుంటానని అంటాడు. వచ్చేది ఎవరో చదివేవాళ్లకు తెలుసు. చివరకు తనను తానే మందలించుకుంటాడు: వెళ్లి బుట్టలు అల్లుకో, గొర్రెపిల్లలకు ఆకు కోసుకో, దగ్గరున్నదాన్ని పితుక్కో.

తను అందంగా ఉన్నానని నిజంగా అనుకుంటాడా?

ఒక పాటలో అనుకోడు, మరో పాటలో అనుకుంటాడు. ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా సాగిన ఒకే కనుబొమ, వెడల్పాటి ముక్కు తన లోపాలని ఒకచోట ఒప్పుకుంటాడు. ఇంకోచోట, సముద్రం నిశ్చలంగా ఉన్నప్పుడు నీళ్లలో చూసుకుంటే గడ్డం, కన్ను అందంగా కనిపించాయట. దిష్టి తగలకుండా రొమ్ము మీదకు మూడుసార్లు ఉమ్మేసుకున్నాడు, ఒక ముసలమ్మ నేర్పిందట. "థూ థూ థూ" అనే మన అమ్మమ్మలకు ఈ పంక్తి వివరించక్కర్లేదు.

గలాటియా ప్రియుడు ఏసిస్‌ను చంపింది అసూయతోనేనా?

అవును, ఓవిడ్ కథలో. దువ్వెనకు బదులు పళ్ల పారతో జుట్టు దువ్వుకుని, కొడవలితో గడ్డం కోసుకుని, వంద గొట్టాల పిల్లనగ్రోవి ఊది పాడతాడు. సూర్యుడికీ ఒక్కటే కన్ను కదా అంటాడు. గలాటియా 16 ఏళ్ల ఏసిస్ ఒడిలో ఉండటం చూడగానే కొండ ముక్క విరిచి వాడి మీదేస్తాడు. ఏసిస్ నదిగా మారిపోతాడు. చదివేవాళ్లు ఇక్కడ తడబడతారు. పైపై అలంకారం మారింది కానీ, అడ్డొచ్చినవాడి మీద రాయి వేసే చెయ్యి హోమర్ నాటిదే.

## తెలుగులో చెప్పేటప్పుడు, వేదిక ఎక్కించేటప్పుడు

"నా పేరు ఎవరూ కాదు" అని రాస్తే జోకు పేలడం లేదు. ఏం చేయాలి?

గ్రీకులో 'ఊటిస్' అంటే ఎవరూ కాదు అని. "ఊటిస్ నన్ను చంపుతున్నాడు" అన్నా వాక్యం నిలబడుతుంది. తెలుగులో 'ఎవరూ' పక్కన క్రియ కూడా వ్యతిరేకంలోకి మారాలి, అందుకే "ఎవరూ చంపుతున్నాడు" కుంటుతుంది. క్రియను పేరులోకి దూర్చేయండి. ఒడిస్సియస్ పేరు "ఎవరూలేరు". బయటివాళ్లు "ఎవడ్రా నిన్ను చంపుతున్నది?" అంటే, వాడు "ఎవరూలేరు! ఎవరూలేరు!" అని అరుస్తాడు. పేరు చెప్పుకునే ముందు ఘట్టంలో ఒక్క క్షణం ఆగి, విడదీయకుండా ఒకే ముక్కగా పలకాలి. కేకల్లో మాత్రం కాస్త విడదీసి పలకాలి. గ్రీకులో ఇదే మాటకు 'యుక్తి' అనే అర్థంతో ఇంకో శ్లేష ఉంది. అది తెలుగులోకి రాదు, వదిలేయండి.

"వాడు" అనాలా, "అతను" అనాలా?

గుహ కథలో "వాడు" సహజం. ప్రేమ పాటలకు "అతను" మేలు, లేకపోతే వినేవాళ్లు మొదటి పంక్తికే నవ్వడం మొదలుపెట్టి, నిజంగా నవ్వాల్సిన చోట అలసిపోతారు. పొట్టేలుతో మాట్లాడేటప్పుడు "రా" వద్దు, "నాన్నా" అనో "తండ్రీ" అనో పిలిపించండి.

చీజ్‌ను జున్ను అని రాయొచ్చా?

వద్దు. మన ఇళ్లలో జున్ను అంటే ఈనిన కొత్తలో పితికే జున్నుపాలతో చేసేది. పాలిఫీమస్ చేసేది రోజూ పితికే గొర్రె, మేక పాలు విరిచి, బుట్టల్లో నీరు ఓడ్చి నిల్వ పెట్టేది. చీజ్ అనండి, లేదా "విరిచిన పాలగడ్డ" అనండి.

బకాసురుడు, కబంధుడు లాంటివాడే అనొచ్చా?

పోలిక కొంతదూరమే వస్తుంది. బకాసురుడికి ఏకచక్రపురంతో ఒప్పందం ఉంది. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటిని తెచ్చిన మనిషిని కూడా ఇవ్వాలి, బదులుగా వాడు ఊరిని కాపాడతాడు. పాలిఫీమస్‌కు ఎవరితోనూ ఏ ఒప్పందమూ లేదు. కబంధుడికి రొమ్ము మీద ఒకే కన్ను ఉంది, కానీ వాడు శాపగ్రస్తుడు. రాముడి చేతిలో శాపం తీరి సుగ్రీవుడి దారి చెబుతాడు. తెలుగు శ్రోతలు ఇలాంటి శాపవిమోచనం కోసం ఎదురుచూస్తారు, మీరు దాన్ని అతికించకండి. పాలిఫీమస్‌కు పూర్వజన్మ కథ లేదు, విముక్తీ లేదు.

వేదిక మీద ఒంటికన్ను ఎలా చూపించాలి?

నటుడి రెండు కళ్లు మూసి నుదుట బొమ్మ కన్ను అతికిస్తే, వాడు సరంజామా తట్టుకుని పడతాడు. ముసుగు వాడండి. పెద్ద కన్ను నుదుట ఉంచి, నటుడు చూడటానికి చిన్న రంధ్రాలు దాని కింద మడతల్లో దాచండి. ముసుగులు రెండు చేయించాలి: ఒకటి కన్నున్నది, ఇంకోటి రక్తంతో ఉన్నది. యూరిపిడీస్ కూడా కన్ను పొడవడాన్ని వేదిక మీద చూపించలేదు. అది గుహ లోపల జరుగుతుంది, బయట బృందం పాడుతుంది, తర్వాత వాడు తడుముకుంటూ వస్తాడు. పొడిచే చప్పుడు కావాలంటే హోమర్ పోలికే పట్టుకోండి: కాలిన గొడ్డలిని కమ్మరి చల్లని నీళ్లలో ముంచినప్పటి చుయ్‌మనే చప్పుడు. బకెట్ నీళ్లు, కాల్చిన ఇనుప ముక్క చాలు. కాల్చడం మాత్రం తెర వెనక, పెద్దవాళ్ల చేతే చేయించండి.